వంటింటి సింకు ట్యాపు చుక్కలు కారుతుంటే: విప్పే ముందు చూడవలసినవి, విప్పాక చేయవలసినవి

మీరు చెప్పిన వివరాలు ఇవి. హైదరాబాదులో ఐదంతస్తుల అపార్టుమెంటు మొదటి అంతస్తులో అద్దెకు ఉంటున్నారు. వంటింటి సింకు పైన గోడకు బిగించిన ట్యాపు ఉంది. దాని వంపు గొట్టం అటూ ఇటూ తిరుగుతుంది, హ్యాండిల్ పావు చుట్టు తిప్పితే నీళ్లు వస్తాయి. నెల రోజులుగా ట్యాపు కట్టేసినా చుక్కలు పడుతున్నాయి. మొదట్లో గట్టిగా బిగిస్తే ఆగేవి, ఇప్పుడు ఎంత బిగించినా ఆగడం లేదు. వాడేది బోరు నీరు. వచ్చి చూసిన ప్లంబరు ట్యాపు మొత్తం మార్చాలన్నారు. దీన్ని స్వయంగా బాగు చేసుకోగలమా అని మీ ప్రశ్న.

చేసుకోగలరు. నేను ఇరవై ఏళ్లకు పైగా భవనాల నిర్వహణ పనిలో ఉన్నాను. సింకు ట్యాపు చుక్కలు కారుతోందని పిలిచిన ఇళ్లలో, ట్యాపును మొత్తంగా తీసి పారేయవలసి వచ్చినవి కొన్నే. ఇత్తడితో చేసిన ట్యాపు ఒళ్లు దశాబ్దాల పాటు మన్నుతుంది. అరిగేది, పాడయ్యేది లోపల ఉండే వేలెడంత భాగం. ఆ భాగం విడిగా దొరుకుతుంది, ట్యాపు ధరతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. గోడలో బిగిసి ఉన్న ట్యాపును ఊడదీసి కొత్తది పెట్టడంలో లోపలి పైపుకు ముప్పు ఉంటుంది. ఆ సంగతి తరువాత చెబుతాను. అందువల్ల మొత్తం మార్చడం చివరి మార్గం కావాలే గాని మొదటిది కాకూడదు.

అన్నింటికన్నా ముందు, ఈ రోజు నుంచే హ్యాండిల్‌ను గట్టిగా బిగించడం మానేయండి. పాత కాలపు ట్యాపులో నీటిని ఆపేది రబ్బరు వాషరు. మర తిప్పిన కొద్దీ అది కిందికి దిగి నీటి దారిని నొక్కి మూస్తుంది, కనుక అక్కడ కొంత బలానికి అర్థం ఉంది. మీ ట్యాపు అలాంటిది కాదు. పావు చుట్టు ట్యాపులో స్పిండిల్ (హ్యాండిల్ కింద ఉండే, ఇందాక చెప్పిన వేలెడంత భాగం) అడుగున రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టుగా ఉంటాయి. రెండింటికీ చెరొక కన్నం ఉంటుంది. హ్యాండిల్ తిప్పినప్పుడు పై బిళ్ల మాత్రమే తిరుగుతుంది. కన్నాలు ఎదురెదురుగా వస్తే నీరు వస్తుంది, పక్కకు జరిగితే ఆగుతుంది. ఇక్కడ నొక్కడం అనేది లేదు, జరగడమే ఉంది. హ్యాండిల్ ఆగిన చోటు దాటి మీరు ఎంత బలం పెట్టినా అది బిళ్లల మీదికి పోదు; స్పిండిల్‌లో తిరుగుడును ఆపే చిన్న గట్టు మీదికి పోయి, దాన్ని విరగ్గొడుతుంది. మొదట్లో బిగిస్తే ఆగడానికి కారణం, ఆ గట్టులో ఉన్న కొద్దిపాటి సడలింపు వల్ల పై బిళ్ల ఒక వెంట్రుకవాసి ఎక్కువ జరగడం. ఇప్పుడు ఆ వెసులుబాటు కూడా అయిపోయింది.

ఇక రెండవ సంగతి. పానా చేతికి తీసుకునే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎప్పుడు వస్తోంది అన్నది తేల్చుకోండి. నా అనుభవంలో సగం పని ఇక్కడే అయిపోతుంది, సగం పొరపాట్లు కూడా ఇక్కడే జరుగుతాయి. ట్యాపును పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, గోడ దగ్గరి అతుకు చుట్టూ, హ్యాండిల్ కింద, వంపు గొట్టం మొదట్లో ఒక్కొక్క కాగితపు రుమాలు చుట్టి పావుగంట ఆగండి. ఆ తరువాత ట్యాపు తెరిచి రెండు నిమిషాలు నీరు పోనిచ్చి మళ్లీ చూడండి. కట్టేసి ఉన్నప్పుడు గొట్టం కొస నుంచి చుక్కలు పడితే లోపం స్పిండిల్‌లో ఉంది. ట్యాపు తెరిచినప్పుడు మాత్రమే వంపు గొట్టం మొదట్లో తడి చేరితే అక్కడి ఓ-రింగులు (నీరు కారకుండా ఆపే రబ్బరు ఉంగరాలు) పోయాయి. తెరిచినా కట్టినా గోడ దగ్గరి రుమాలు తడుస్తూనే ఉంటే ట్యాపుకు, గోడలోని పైపుకు మధ్య మర అతుకు దగ్గర కారుతోంది. అక్కడ నీటి ఒత్తిడి ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది కనుక ఆ కారడానికి విరామం ఉండదు. ఈ మూడూ మూడు వేర్వేరు పనులు. ఒకదానికి మందు మరొకదానికి పనికి రాదు.

ట్యాపు తప్పు లేకుండానే కారుతున్నట్టు కనిపించే సందర్భాలు కూడా ఉన్నాయి. చాలా ఇళ్లలో ఆర్‌వో యంత్రం నుంచి వ్యర్థపు నీటిని వదిలే సన్నని గొట్టాన్ని ట్యాపుకే కట్టి సింకులోకి వదులుతారు. యంత్రం నడుస్తున్నంత సేపూ ఆ గొట్టం కారుతుంది, రాత్రి చీకట్లో ఆ చప్పుడు ట్యాపుదే అనిపిస్తుంది. అలాగే ఆర్‌వోకు నీరు తీసుకోవడానికి ట్యాపు వెనుక బిగించే చిన్న వాల్వు దగ్గర కారిన నీరు ట్యాపు ఒంటి మీదుగా జారి కొసన చుక్కగా పడడం నేను చాలా సార్లు చూశాను. ఇంకొకటి, వంపు గొట్టంలో నిలిచిన నీరు కట్టేసిన తరువాత కొన్ని క్షణాల పాటు కొసన ఉన్న జాలి గుండా చుక్కలుగా దిగి ఆగిపోతుంది. అది లీకు కాదు. కట్టి పది నిమిషాలైనా పడుతుంటేనే లీకు.

ఎంత నీరు పోతోందో కూడా ఒకసారి కొలవండి. ఒక గిన్నె పెట్టి సరిగ్గా గంట తరువాత తీయండి. గంటకు పావు లీటరు పడితే రోజుకు 6 లీటర్లు, ఏడాదికి దాదాపు 2,200 లీటర్లు అవుతుంది. మీది బోరు నీరు అన్నారు. ఆ నీటిని భూమి లోపలి నుంచి మోటారు పెట్టి, కరెంటు ఖర్చు పెట్టి ఐదంతస్తుల పైకి ఎక్కిస్తున్నాం. నగరానికి వచ్చే కృష్ణా నీరైతే నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తుంది. అంత శ్రమతో వచ్చిన నీరు సింకు కన్నంలోకి జారిపోతుంటే నాకు నిజంగా మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మరమ్మతు చేసే దాకా గొట్టం కొసకు ఒక నూలు దారం కట్టి గిన్నెలోకి వదలండి. చుక్కలు దారం వెంట చప్పుడు లేకుండా దిగుతాయి, ఆ నీరు మొక్కలకు పనికి వస్తుంది.

మీ ట్యాపే ఎందుకు పాడైంది, పై అంతస్తు వాళ్లది ఎందుకు పాడవలేదు అనే అనుమానం సహజం. మిద్దె మీది ట్యాంకు నుంచి దిగే నీటికి ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి చేరుతుంది. ఐదవ అంతస్తు వారి ట్యాపు ట్యాంకుకు మూడు నాలుగు మీటర్ల కిందనే ఉంటుంది, మీది పన్నెండు మీటర్లకు పైగా కింద ఉంటుంది. అంటే మీ స్పిండిల్ రాత్రింబవళ్లు వారి కన్నా మూడింతల ఒత్తిడిని ఆపుతోంది. దీనికి తోడు బోరు నీటిలో కరిగిన సున్నపు లవణాలు, సన్నని ఇసుక రేణువులు. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చని మన దేశపు ప్రమాణం చెబుతుంది. మన బోరు నీరు చాలా చోట్ల మొదటి హద్దును సులువుగా దాటుతుంది. గిన్నెల మీద, గీజరులో పేరుకునే తెల్లని పొరే స్పిండిల్ లోపల కూడా పేరుకుంటుంది. సిరామిక్ బిళ్లలు చాలా గట్టివి, అవి రబ్బరులా అరిగిపోవు. కాని రెండు బిళ్లల మధ్య ఒక్క రేణువు ఇరుక్కున్నా, అంచున ఒక ఉప్పు పలుకు పేరుకున్నా అవి అతుక్కోవు. అతుక్కోని చోటే నీటికి దారి.

ఇప్పుడు పనిలోకి వద్దాం. నీటిని ఆపడం తేలిక పనిలా కనిపిస్తుంది గాని, అపార్టుమెంట్లలో అసలు చిక్కు అక్కడే. సింకు కింద యాంగిల్ కాక్ (ఆ ఒక్క ట్యాపుకు నీటిని ఆపే చిన్న వాల్వు) ఉంటే దాన్ని కడితే చాలు, కాని గోడకు బిగించిన ట్యాపులకు అది సాధారణంగా ఉండదు. వంటింట్లో గానీ, వాష్ ఏరియాలో గానీ, పైపులు దిగే డక్టులో గానీ మీ ఇంటికి సంబంధించిన వాల్వు ఉందేమో వెదకండి. లేకపోతే మిద్దె మీద ట్యాంకు దగ్గర ఉన్న వాల్వును కట్టవలసిందే. చాలా భవనాల్లో ఒకే పైపు పై నుంచి కింది దాకా ఒకదాని కింద ఒకటిగా ఉన్న అన్ని వంటిళ్లకూ నీరిస్తుంది. దాన్ని కడితే ఆ వరుసలో అందరికీ నీరు ఆగిపోతుంది. కనుక వాచ్‌మన్‌కు, ఆ వరుసలోని ఇళ్ల వారికి ముందుగా చెప్పి, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, హార్డ్‌వేరు దుకాణాలు తెరిచి ఉన్న రోజున పని పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం ట్యాపు విప్పి, దుకాణం మూసి ఉందని తెలిసి, ఆ వరుసలో నాలుగు కుటుంబాలు రాత్రంతా నీళ్లు లేక గడిపిన సంఘటన నాకు తెలుసు.

వాల్వు బిగుసుకుపోయి తిరగకపోతే పైపు తొడిగి బలవంతంగా తిప్పకండి. ఏళ్ల తరబడి కదలని గేట్ వాల్వులో (తలుపులాంటి పలకను దించి నీటిని ఆపే రకం) లోపలి కాడ విరిగిపోతే తలుపు సగంలో నిలిచిపోతుంది, అప్పుడు మీ చుక్కల సమస్య భవనం మొత్తానికి సమస్య అవుతుంది. కొద్దిగా అటు, కొద్దిగా ఇటు కదుపుతూ వదులు చేయండి. లొంగకపోతే ఆ ఒక్క పనికి మనిషిని పిలవండి. వాల్వు కట్టాక ట్యాపు తెరిచి పైపులో మిగిలిన నీటిని పూర్తిగా పోనివ్వండి. పై అంతస్తుల పైపులోని నీరంతా మీ ట్యాపు నుంచే దిగుతుంది కాబట్టి కొంత సేపు పడుతుంది. వేడినీటి గొట్టం కూడా కలిసిన మిక్సరు ట్యాపు అయితే గీజరు స్విచ్చి ముందుగా ఆపి, నీరు చల్లబడే దాకా ఆగాలి.

సింకు కన్నంలో ఒక గుడ్డ కుక్కండి. ఈ పనిలో చిన్న స్క్రూలు జారిపోవడం చాలా మామూలు, జారినవి తిరిగి దొరకవు. కావలసిన సామాను కూడా ఎక్కువేమీ కాదు: సర్దుబాటు చేసుకునే పానా ఒకటి, స్క్రూ డ్రైవరు, చిన్న అలెన్ కీల కట్ట, పాత టూత్ బ్రష్, కొద్దిగా వెనిగరు, టెఫ్లాన్ టేపు, చేతిదీపం. పానా దవడలకు గుడ్డ గానీ టేపు గానీ చుట్టుకుంటే ట్యాపు మెరుపు మీద గీతలు పడవు.

హ్యాండిల్ పైన చిన్న గుండ్రని మూత ఉంటుంది. దాన్ని పలుచని చాకు మొనతో మెల్లగా లేపితే లోపల స్క్రూ కనిపిస్తుంది. పైన మూత లేకపోతే హ్యాండిల్ పక్కన గానీ వెనుక గానీ అలెన్ కీ పట్టే చిన్న కన్నం ఉంటుంది. స్క్రూ తీశాక హ్యాండిల్ నేరుగా పైకి రావాలి. బోరు నీరు వాడే ఇళ్లలో అది తరచు స్పిండిల్ పళ్లకు ఉప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. అలాంటప్పుడు సుత్తితో కొట్టకండి. వెనిగరులో తడిపిన గుడ్డను అరగంట పాటు చుట్టి ఉంచి, ఆ తరువాత రెండు చేతులతో సమంగా లాగండి. వెనిగరు లేకపోతే గోరువెచ్చని నీటిలో కలిపిన నిమ్మ ఉప్పు సరిపోతుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను మాత్రం ట్యాపు దరిదాపులకు రానివ్వకండి. అది ఉప్పుతో పాటు క్రోమియం పూతనూ తినేస్తుంది. పూత పోయిన ఇత్తడికి చిలుము పడుతుంది.

హ్యాండిల్ కింద ఉన్న మెరుపు తొడుగును చేత్తోనే విప్పవచ్చు. దాని లోపల ఆరు పలకల ఇత్తడి తల కనిపిస్తుంది, అదే స్పిండిల్. ఈ దశలో ఒక జాగ్రత్తను దయచేసి తేలికగా తీసుకోకండి. పానాతో స్పిండిల్‌ను గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పేటప్పుడు, రెండో చేత్తో ట్యాపు ఒంటిని గట్టిగా పట్టుకుని అది తిరగకుండా ఆపాలి. లేకపోతే మీరు పెట్టే బలమంతా గోడలోని అతుకు మీద పడుతుంది. ఈ ఇరవై ముప్పై ఏళ్లలో కట్టిన ఇళ్లలో చాలా వాటికి గోడ లోపల ఉన్నది ప్లాస్టిక్ పైపు, దాని చివర ఇత్తడి మర ఉన్న మలుపు. ఆ మలుపు పగిలితే టైల్సు పగలగొట్టడం తప్ప దారి లేదు. రూపాయి పని వేల రూపాయల పని అయ్యేది సరిగ్గా ఇక్కడే.

స్పిండిల్ బయటికి వచ్చాక దాన్ని తిరగేసి చూడండి. అడుగున ఒక రబ్బరు కట్టు, దాని వెనుక సిరామిక్ బిళ్ల కనిపిస్తాయి. రబ్బరు కట్టు చిరిగిందా, ఒక వైపు నొక్కుకుపోయిందా చూడండి. బిళ్లలు బాగానే ఉండి ఈ కట్టు ఒక్కటే పోయినా చుక్కలు పడతాయి. తల తిప్పుతూ కన్నాలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో గమనించండి. పూర్తిగా మూసుకోక సన్నని నెలవంకంత సందు మిగిలితే, మీరు బలంగా బిగించినప్పుడు ఆ గట్టు విరిగిందని అర్థం. దానికి మరమ్మతు లేదు. కన్నాలు సరిగా మూసుకుంటూ, ఇసుకో ఉప్పో మాత్రమే కనిపిస్తే స్పిండిల్‌ను వెనిగరులో అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్ది, మంచినీటితో కడిగి, అదే తిరిగి బిగించి చూడవచ్చు. బిళ్లల ముఖాలను బ్లేడుతో గానీ, ఇసుక కాగితంతో గానీ గీకకూడదు. అద్దంలా నునుపుగా ఉండడమే వాటి ప్రాణం.

అయితే మీ విషయంలో నెల రోజులు బిగించారు కనుక కొత్త స్పిండిల్ కొనడమే మేలని నా అభిప్రాయం. పాత స్పిండిల్‌ను, వీలైతే హ్యాండిల్‌ను కూడా చేత పట్టుకుని దుకాణానికి వెళ్లండి. ఫోనులో ఫొటో చూపిస్తే చాలదు. అన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి గాని మూడు నాలుగు విషయాల్లో తేడా ఉంటుంది. మర లావు, మొత్తం పొడవు, హ్యాండిల్ కూర్చునే పళ్ల సంఖ్య, తిరిగే దిశ సరిపోవాలి. పళ్లు లెక్క తప్పితే హ్యాండిల్ ఎక్కదు, లేదా ఎక్కి జారుతుంది. దిశ మారితే ట్యాపు ఎడమకు బదులు కుడికి తెరుచుకుంటుంది. వేడినీటి వైపు, చన్నీటి వైపు స్పిండిళ్లు ఎదురెదురు దిశల్లో ఉండేది అందుకే. ట్యాపు మీద కంపెనీ పేరు ఉంటే ఆ కంపెనీ స్పిండిలే అడగండి. కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి హామీ ఇస్తాయి కనుక, ఇంటి యజమాని దగ్గర బిల్లు ఉందేమో కొనే ముందే కనుక్కోండి. కంపెనీది దొరకకపోతే బయటి రకం కూడా పని చేస్తుంది, కాని అన్నింటికన్నా చవకది వద్దు. దాన్ని చేతిలో తిప్పి చూసినప్పుడు నూనె రాసినట్టు మెత్తగా, ఒకే తీరుగా తిరగాలి, గరగరలాడితే తీసుకోకండి.

బిగించే ముందు ట్యాపు ఒంట్లో స్పిండిల్ కూర్చునే గుంటలోకి చేతిదీపం వేసి చూడండి. రబ్బరు కట్టు ఆనే చోట ఉప్పు గడ్డలు మిగిలి ఉంటే కొత్త స్పిండిల్ కూడా మొదటి రోజు నుంచే కారుతుంది. వెనిగరు గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, నునుపుగా ఉందని తేలాకే ముందుకు పోవాలి. చాలామంది ఈ ఒక్క మెట్టు దాటవేసి, కొత్తది కూడా చెడ్డదే ఇచ్చారని దుకాణదారును నిందిస్తారు. రబ్బరు భాగాలకు సిలికాన్ గ్రీజు చిటికెడు రాస్తే మంచిది. వాహనాలకు వాడే గ్రీజు వద్దు, అది కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. పైగా ఇది తాగే నీరు, వండే నీరు వచ్చే దారి. స్పిండిల్‌ను మొదట వేళ్లతోనే తిప్పండి, మర వంకరగా ఎక్కకుండా. వేళ్లతో ఇక తిరగని చోట పానాతో కొద్దిగా, అంటే పావు చుట్టుకు మించకుండా బిగించండి. ఇక్కడ కూడా ట్యాపు ఒంటిని రెండో చేత్తో పట్టుకోవాలి.

నీటిని తిరిగి వదిలేటప్పుడు గొట్టం కొసన ఉన్న జాలిని విప్పి, ట్యాపును తెరిచి ఉంచి, వాల్వును మెల్లమెల్లగా తెరవండి. పైపులో చేరిన గాలి, వాల్వు కదిలినప్పుడు ఊడిన తుప్పు, ఇసుక మొదటి నీటితో పాటు బయటికి పోతాయి. ట్యాపు కట్టి ఉంచి వాల్వును ఒక్కసారిగా తెరిస్తే ఆ చెత్తంతా నేరుగా కొత్త బిళ్లల మధ్యకు చేరుతుంది. జాలిని వెనిగరులో శుభ్రం చేసి చివరగా బిగించండి. గొట్టం నుంచి నీరు చెదిరి పడుతోందనుకునే ఇళ్లలో చాలా వాటికి ఆ శుభ్రం చేయడమే మందు.

వంపు గొట్టం మొదట్లో తడి కనిపిస్తే, అక్కడి నట్టును విప్పి గొట్టాన్ని పైకి లాగితే రెండు సన్నని ఓ-రింగులు కనిపిస్తాయి. పాతవాటిని చూపించి అదే కొలతవి తెచ్చి వేయాలి. ఈ పనికి వాల్వు కట్టనవసరం కూడా లేదు, ట్యాపు కట్టి ఉంటే చాలు. అయితే మీ ట్యాపు ఇప్పటికే కారుతోంది కనుక రెండూ ఒకేసారి చేసుకోండి.

వాకిట్లోనో, పెరట్లోనో పాత మర ట్యాపు ఉన్నవారికి కూడా రెండు మాటలు. దాని తలను విప్పితే కింద పుట్టగొడుగు ఆకారంలో చిన్న ఇత్తడి ముక్క, దానికి వాషరు ఉంటాయి. వాషరు మీద గుండ్రని గాడి పడి ఉంటుంది, లేదా రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది. అర అంగుళం ట్యాపు వాషరు ఏ హార్డ్‌వేరు దుకాణంలోనైనా దొరుకుతుంది. దుకాణం మూసి ఉంటే పాత వాషరునే తిరగేసి వేసి ఆ రాత్రి గడపవచ్చు. కొత్త వాషరు వేసినా కారితే, వాషరు ఆనే ఇత్తడి అంచు నీటి కోతకు గుంటలు పడిందని అర్థం. దాన్ని సమం చేసే పనిముట్టు ప్లంబర్ల దగ్గర ఉంటుంది, కాని ఇప్పుడు ఆ పని చేసేవారు తగ్గారు. అలాంటి ట్యాపును మార్చడమే సులువు. ట్యాపు తెరిచినప్పుడు మాత్రమే హ్యాండిల్ కింద నుంచి నీరు ఉబికితే వాషరుతో సంబంధం లేదు. అక్కడి నట్టు కింద కాడ చుట్టూ చుట్టిన దారం అరిగింది. నట్టును కొద్దిగా బిగించి చూడాలి, ఆగకపోతే గ్రీజు రాసిన నూలు దారం గానీ, పురిపెట్టిన టెఫ్లాన్ టేపు గానీ కొత్తగా చుట్టాలి.

గోడ అతుకు దగ్గర కారుతున్నప్పుడు మాత్రమే ట్యాపును గోడ నుంచి విప్పవలసి వస్తుంది. ఇదొక్కటి నేను కొత్తవారికి ధైర్యంగా చెప్పలేని పని. ట్యాపు మర పాతబడి ఉంటే విప్పేటప్పుడు విరిగి ముక్క గోడలో ఉండిపోవచ్చు, దాన్ని తీయడానికి వేరే పనిముట్టు కావాలి. సులువుగా తిరిగి వచ్చినట్లయితే మర మీది పాత టేపును పూర్తిగా తీసి, మర కొస మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముళ్ల దిశలో పది పన్నెండు చుట్లు టెఫ్లాన్ టేపును లాగి పట్టి చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి పోగవుతుంది. బిగించాక ట్యాపు కొంచెం వంకరగా కనిపించిందని వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పిన అతుకు తప్పకుండా కారుతుంది. విప్పి మళ్లీ చుట్టడమే సరైన పద్ధతి. అతుకు చుట్టూ తడి ఉండి, గోడ వెనుక వైపు సున్నం ఉబ్బుతూ ఉంటే లీకు ట్యాపుది కాదు, పైపుది. అప్పుడు ఏమీ విప్పకుండా యజమానికి చెప్పండి.

కొత్త స్పిండిల్ కూడా ఆరు నెలల్లోనే చుక్కలు మొదలుపెడితే మళ్లీ స్పిండిల్ మార్చి ప్రయోజనం లేదు. నీటితో ఇసుక వస్తోందన్న మాట. ట్యాంకు అడుగున ఎంత మట్టి ఉందో చూడమని అపార్టుమెంటు సంఘానికి చెప్పండి. ట్యాంకు కడిగించి, ట్యాంకు నుంచి దిగే పైపుకు విప్పి కడుక్కోగలిగే జాలి ఫిల్టరు ఒకటి పెట్టిస్తే, ఆ వరుసలోని అన్ని ట్యాపులకూ, గీజర్లకూ, బట్టలుతికే యంత్రాలకూ మేలు జరుగుతుంది.

పని పూర్తయిన రాత్రి ట్యాపును, సింకును పొడిగా తుడిచి, గొట్టం కొస కింద ఒక పాత వార్తాపత్రికను పరిచి పడుకోండి. గోడ అతుకు దగ్గర, హ్యాండిల్ కింద కూడా ఒక్కొక్క కాగితపు రుమాలు ఉంచండి. ఉదయం పత్రిక మీద తడి మచ్చ లేకపోతే పని కుదిరినట్టే. పాత స్పిండిల్‌ను, కొత్తదాని బిల్లును కలిపి ఒక కవరులో దాచి యజమానికి చూపండి. ఖర్చు అద్దెలో తగ్గించుకునేందుకే కాదు, మరోసారి ఆ ట్యాపుకు ఏ కొలత స్పిండిల్ కావాలో ఆ కవరే చెబుతుంది.